బిల్లింగ్ నుంచి ఎగిరి, అహ్జు స్టేషన్లో రైలు దిగిన రోజు

నా పారాగ్లైడింగ్ లాగ్‌బుక్‌లో (ఎగిరిన ప్రతిసారీ వివరాలు రాసుకునే పుస్తకం) ఆ రోజు గురించి ఉన్నది ఒక్కటే లైను. "బిల్లింగ్ టేకాఫ్ 11.20, పంచ్‌రుఖీ దగ్గర పొలంలో లాండింగ్ 1.35, మాక్సిమం హైట్ 3,380 మీటర్లు." అంతే. కింద దాదా సంతకం, నాతో పాటు ఎగిరే పెద్దాయన. 2016 అక్టోబర్, దసరా అయిపోయిన మరుసటి వారం. ఆ లైను చదివితే ఎవరికీ ఏమీ అర్థం కాదు, నాకు మాత్రం దాన్ని చూడగానే చేతివేళ్ళకి చలి తగిలినట్టు అనిపిస్తుంది, అందుకే ఎప్పటినుంచో రాయాలనుకుంటున్నా ఇది.

బీర్ గురించి తెలియనివాళ్ళకి ముందు కొంచెం చెప్తాను. హిమాచల్‌లో కాంగ్రా జిల్లా, బైజ్‌నాథ్‌కి దగ్గర్లో ఉంటుంది. చిన్న ఊరే, ఒక పక్క పహాడీ వాళ్ళ ఇళ్ళు, తేయాకు తోటలు, ఇంకో పక్క టిబెటన్ కాలనీ, గోంపాలు (బౌద్ధ మఠాలు). ఊరి వెనకాల గోడ కట్టినట్టు ధౌలాధార్ కొండలు. ఊళ్ళోంచి 14 కిలోమీటర్లు ఘాట్ రోడ్డు ఎక్కితే బిల్లింగ్ అనే పచ్చిక వాలు వస్తుంది, 2,400 మీటర్ల ఎత్తులో, అదే టేకాఫ్. దిగేది కింద చౌగాన్ దగ్గర మైదానంలో, అంటే దాదాపు వెయ్యి మీటర్ల కిందన్నమాట. అక్కడ ఇంత బాగా ఎగరగలగడానికి కారణం ఏంటంటే ఆ కొండల ముఖం దక్షిణం వైపుకి ఉంటుంది, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఎండ సూటిగా ఆ వాలు మీదే పడుతుంది, రాయి వేడెక్కుతుంది, రాయిని ఆనుకున్న గాలి వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి బుడగలా ఊడి పైకి లేస్తుంది. దాన్నే థర్మల్ అంటారు. మాకు ఇంజను లేదు కదా, ఆ బుడగే మా ఇంజను. 2015లో పారాగ్లైడింగ్ వరల్డ్ కప్ పోటీ అక్కడ జరిగింది, ఆ తర్వాత ఏడాది నేను వెళ్ళేసరికి ఊళ్ళో ఎవరిని కదిలించినా దాని కబుర్లే.

నేను ఎగరడం నేర్చుకున్నది మాత్రం కామ్‌షెట్‌లో, పూణే దగ్గర. హైదరాబాద్ నుంచి శుక్రవారం రాత్రి బస్సెక్కి, శని ఆదివారాలు ఎగిరి, సోమవారం పొద్దున్నే తిన్నగా ఆఫీసుకి పోయేవాణ్ణి. దాదా పరిచయమైంది అక్కడే. దాదా అంటే మరాఠీలో అన్న. ఆయనకి అప్పటికే యాభై దాటాయి, పూణేలో చిన్న వర్క్‌షాప్ ఉండేది, చేతులెప్పుడూ గ్రీజు వాసన వచ్చేవి. నేను కొండ దిగువన వింగ్‌ని (నెత్తి మీద తేలుతూ మమ్మల్ని మోసే గుడ్డ రెక్క) నేల మీదే లేపి నిలబెట్టడం ప్రాక్టీస్ చేస్తూ నాలుగోసారి ముళ్ళకంపలో పడేస్తే, ఎవరో తెలియని మనిషి వచ్చి పక్కన కూర్చుని, వింగ్‌కి కట్టి ఉండే ఒక్కో లైను, అంటే తాడు, ముళ్ళలోంచి తెగకుండా తీస్తూ గంటసేపు గడిపాడు. ఆ గంటలో ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. చివర్లో మాత్రం "వింగ్‌ని చూడకు, వింగ్‌ని విను" అన్నాడు. అప్పట్నుంచి నేను ఆయన్ని వదల్లేదు.

బీర్‌కి ఆ సారి మేం అయిదుగురం వెళ్ళాం. దాదా, నేను, ఆర్మీలో చేసి రిటైరైన కల్నల్ సార్, కొచ్చి నుంచి ఒక డాక్టరమ్మ, బెంగుళూరు కుర్రాడొకడు. ఢిల్లీ నుంచి రాత్రి బస్సు, ఒక్కొక్కరి వీపు మీద పదిహేడు పద్దెనిమిది కిలోల బ్యాగు. వింగ్, హార్నెస్ (కూర్చునే సీటూ బెల్టులూ), రిజర్వ్ పారాచూట్, హెల్మెట్, అన్నీ అందులోనే. తెల్లారేసరికి బైజ్‌నాథ్ దగ్గర దిగాం. అక్కడ ఒక విషయం తెలిసి నాకు చాలా ఆశ్చర్యమేసింది, బైజ్‌నాథ్‌లో దసరాకి రావణుణ్ణి కాల్చరట. అక్కడి గుడి శివుడిది, వైద్యనాథుడు, 1204లో కట్టిన గుడి, రావణుడు అక్కడ తపస్సు చేశాడని వాళ్ళ నమ్మకం, శివభక్తుణ్ణి శివుడి ఊళ్ళో ఎలా కాలుస్తాం అంటారు. టీ కొట్టాయన ఇది చెప్తుంటే కల్నల్ సార్ టీ గ్లాసు పక్కన పెట్టి మరీ విన్నారు.

సరే, ఆ రోజు విషయానికి వస్తాను.

మేం బీర్ చేరి అప్పటికి నాలుగు రోజులు. మొదటి మూడు రోజులూ నేను టేకాఫ్ అయ్యి, కొండ ముందు అటూ ఇటూ తిరిగి, చౌగాన్‌లో దిగిపోవడమే. కొండ దాటి పక్క కొండకి పోయే ధైర్యం రాలేదు. నాలుగో రోజు పొద్దున టిఫిన్ దగ్గర (ఆలూ పరాఠా, పైన ఇంత వెన్న) దాదా నా వేరియోని తీసుకుని టేబుల్ మీంచి మెల్లగా పైకెత్తాడు. పీప్ అంది. కిందకి దించాడు, ఊరుకుంది. మళ్ళీ ఎత్తాడు, పీప్. వేరియో అంటే అరచేతిలో పట్టే పెట్టె, గాలి ఒత్తిడిని కొలుస్తుంటుంది, టేబుల్ నుంచి తల దాకా ఎత్తిన ఆ రెండు మూడడుగుల తేడా కూడా దానికి తెలిసిపోతుంది. పైకి పోతుంటే పీప్ పీప్ అంటుంది, ఎంత స్పీడుగా పోతే అంత గబగబా అరుస్తుంది. "ఇది మూడడుగులకే చెప్తోంది చూడు, నువ్వు మూడు రోజుల్నుంచి వినట్లేదు, నేలనే చూస్తున్నావు" అన్నాడు. "ఇవాళ నా వెనకాల రా."

జీపు కాని జీపులో అందరం ఇరుక్కుని పైకెళ్ళాం, బ్యాగులన్నీ టాప్ మీద. దేవదారు చెట్లు, బంజ్ ఓక్ చెట్లు, మలుపు తిరిగినప్పుడల్లా చలి పెరగడం. దారిలో గద్దీ గొర్రెలకాపర్లు మందతో ఎదురొచ్చారు, వేసవంతా కొండల వెనకాల మేపుకుని చలికాలం మొదలయ్యే ముందు కిందకి దిగుతారు వాళ్ళు. వాళ్ళ గొర్రెలన్నీ రోడ్డు దాటేదాకా డ్రైవర్ ఇంజనాపి కూర్చున్నాడు, ఒక్క హారన్ కొట్టలేదు, మాలో ఎవరం తొందరపడలేదు. మనూళ్ళో గొర్రెల మంద ఎదురైతే శుభం అంటారని నేను చెప్తే డాక్టరమ్మ వెంటనే నమ్మేసింది.

పైన టేకాఫ్ దగ్గర పది గంటలకల్లా తిరణాల. టాండెం పైలట్లు, వాళ్ళ పాసింజర్లు, చాయ్ మ్యాగీ కొట్లు, రంగురంగుల వింగులు పచ్చిక మీద పరిచి. ఆ గోలలో "ఒరేయ్ కాళ్ళు వణుకుతున్నాయ్‌రా" అని తెలుగు వినపడింది, తిరిగి చూస్తే గుంటూరు నుంచి వచ్చిన ఇద్దరు ఫ్రెండ్సు. నేను పలకరించేసరికి ఇద్దరి మొహాలూ వెలిగిపోయాయి. "అన్నా, తాడు తెగితేనో?" అని అడిగాడు ఒకడు. కూర్చోబెట్టి చూపించాను, ఒక్క తాడు కాదు తమ్ముడూ, ఇన్ని లైన్లు ఉంటాయి, ఒక్కొక్కటీ ఎంత బరువు మోస్తుందో చూడు, పైగా సీటు కింద ఇంకో పారాచూట్ ఉంటుంది అని. పది నిమిషాల తర్వాత వాడు గాల్లోకి లేస్తూ వేసిన కేక కింద బీర్ దాకా వినపడే ఉంటుంది.

మాకు మాత్రం తొందర లేదు. పైలట్లు దీన్ని పారావెయిటింగ్ అంటారు. పచ్చిక మీద కూర్చోవడం, విండ్‌సాక్ (గాలి ఎటు ఉందో చూపించే గుడ్డ గొట్టం) చూడడం, మబ్బు కోసం చూడడం. దాదా మధ్యమధ్యలో గడ్డి పోచలు తుంపి వేళ్ళ మధ్య నుంచి వదిలేవాడు, అవి ఎటు పోతున్నాయో చూసేవాడు. అది చూసినప్పుడల్లా నాకు మా తాత గుర్తొచ్చేవాడు. మాది అనంతపురం జిల్లా. కళ్ళంలో జొన్నలు తూర్పారబట్టేటప్పుడు మా తాత ముక్కాలి పీట మీద నిలబడి, చేట నిండా గింజలు పట్టుకుని, గాలి కోసం అలాగే చూసేవాడు, అంతకుముందు పిడికెడు మన్ను తీసి ఇలాగే వేళ్ళలోంచి వదిలేవాడు. మేం పిల్లలం విసుక్కునేవాళ్ళం. "గాలి మనం పిలిస్తే రాదురా, అది వచ్చే యాలకు మనం చేట పట్టుకోని ఉండాల" అనేవాడు. దాదాకి ఈ మాట హిందీలో చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "మీ తాత పైలట్" అన్నాడు. నాకు గొంతు పట్టేసింది, నిజంగా.

పదకొండు దాటాక కుడివైపు కొండ భుజం మీద మొదటి మబ్బు తునక పుట్టింది. ఏకిన దూదిపింజంత. దాని కింద నాలుగు రాబందులు గిర్రున తిరుగుతున్నాయి. హిమాలయన్ గ్రిఫన్లు, రెక్క ఈ చివర నుంచి ఆ చివరికి తొమ్మిదడుగుల దాకా ఉంటాయి, అవి రెక్క ఆడించకుండా పైకి పోతున్నాయంటే అక్కడ గాలి లేస్తోందని అర్థం. చెకింగులు అయిపోయాయి, ముందు బెంగుళూరు కుర్రాడు, తర్వాత డాక్టరమ్మ, తర్వాత కల్నల్ సార్. దాదా నా దగ్గరికి వచ్చి నా కాలి బకిల్సు, ఛాతీ బకిల్, కారాబైనర్లు (వింగ్‌ని హార్నెస్‌కి తగిలించే కొక్కేలు), రిజర్వ్ పిన్ను, ఒక్కొక్కటీ చేత్తో తాకి చూశాడు. ఎన్నిసార్లు కలిసి ఎగిరినా ఇది మానేవాడు కాదు. పెళ్ళికి పంపే ముందు పెళ్ళికొడుకు తలపాగా సర్దినట్టు ఉండేది నాకు.

వింగ్ వైపు తిరిగి నిలబడి, ముందు రైజర్లు (లైన్లన్నీ వచ్చి కలిసే పట్టీలు) లాగాను, ముప్ఫయి అడుగుల గుడ్డ ఒక్కసారిగా ఊపిరి పోసుకుని నెత్తి మీదకి లేచింది, వెనక్కి తిరిగాను, రెండడుగులు, మూడడుగులు, నాలుగో అడుగుకి కింద నేల లేదు.

మొదటి పది నిమిషాలు పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. కొండ ముందు అటూ ఇటూ తిరగడమే. ఎదురుగా ఎవరైనా వస్తుంటే కొండ ఎవరికి కుడివైపు ఉందో వాళ్ళకి దారి, రెండోవాళ్ళు పక్కకి తప్పుకోవాలి, ఆ రూలు ఒకటి బుర్రలో తిరుగుతుంటుంది. వేరియో మూలుగుతోంది, అంటే దిగుతున్నా. గాలి కదలకపోతే మా వింగ్ సెకనుకి ఒక మీటరు చొప్పున దిగుతూనే ఉంటుంది, ఎప్పుడూ దిగుతూనే ఉంటుంది, అందుకే మేం పైకి పోవాలంటే అంతకంటే స్పీడుగా లేచే గాలి దొరకాలి. టేకాఫ్ కంటే ఓ వంద మీటర్లు కిందకి వచ్చేశా. చౌగాన్ కనపడుతోంది, మళ్ళీ ఇవాళా అక్కడికేనా అనుకున్నా.

అప్పుడు చూశాను. నాకు ఎడమవైపు, ఎండిన గడ్డి ఉన్న ఒక భుజం ముందు దాదా ఆరెంజ్ వింగ్ ఒక్కసారి ముక్కు పైకెత్తి తిరగడం మొదలుపెట్టింది. ఒక చుట్టు తిరిగేసరికి ఆయన నా ఎత్తులో ఉన్నవాడు నా తలపైన ఉన్నాడు. గాలిని మనం చూడలేం కదా. ఎగిరినన్నాళ్ళూ నాకు ఉన్న బాధ అదే, నీళ్ళయితే కనపడతాయి, రోడ్డయితే కనపడుతుంది, ఇది కనపడదు. కానీ ఆ క్షణంలో దాదా వింగ్ తిరుగుతున్నచోట నాకు గాలి కనపడింది. నేరుగా అక్కడికి పోయాను. ముందు ఒక కుదుపు, కుడి రెక్క లేచింది, లేచిన వైపుకే ఒళ్ళు వాల్చి, ఆ వైపు బ్రేక్ (వింగ్ వెనక అంచుని కిందకి లాగే తాడు) కొంచెం లాగాను. పీప్. పీప్ పీప్. పీప్‌పీప్‌పీప్‌పీప్. హార్నెస్ సీటు కింద నుంచి ఎవరో చేత్తో ఎత్తుతున్నట్టు ఉంటుంది, అది మాటల్లో పెట్టడం నాకు రాదు. చిన్నప్పుడు ఎండాకాలం మా ఊరి చేలల్లో సుడిగాలి లేస్తే, అందులో దయ్యం ఉంటుంది పోవద్దని మా అవ్వ నన్ను చెయ్యి పట్టి లోపలికి లాగేది. అదే సుడిగాలి, ఇక్కడ మన్ను లేదు కాబట్టి కనపడదు, ముప్ఫయి ఏళ్ళొచ్చాక నేను కావాలని దాని నడిబొడ్డులోకి పోయి కూర్చున్నా.

థర్మల్‌లోకి ముందు ఎవరు పోతే వాళ్ళు తిరిగే వైపే మిగతావాళ్ళూ తిరగాలి. దాదా కుడికి తిరుగుతున్నాడు, నేనూ కుడికి. కింద నుంచి డాక్టరమ్మ వచ్చి చేరింది. పై నుంచి రెండు రాబందులు దిగి చేరాయి. అయిదుగురం ఒకే స్తంభం చుట్టూ తిరుగుతున్నట్టు, ఒకరి ఎదురు ఒకరు, ఒక రాబందు ఎంత దగ్గరికి వచ్చిందంటే దాని మెడ తిప్పి నన్ను చూడడం నేను చూశాను, రెక్కల చివర ఈకలు వేళ్ళలా విడివిడిగా కదలడం చూశాను. అది నాకంటే బాగా తిరుగుతోంది, దాన్ని చూసి నేను నా చుట్టు చిన్నది చేసుకున్నా. 2,600. 2,900. 3,200.

పైకి పోయేకొద్దీ చలి. లేచే పొడిగాలి వంద మీటర్లకి సుమారు ఒక డిగ్రీ చల్లబడుతుంది, అలా చల్లబడి చల్లబడి దానిలో ఉన్న తేమ మబ్బుగా మారేచోటే మబ్బు అడుగు, దానికి మించి పైకి పోకూడదు. లోపలికి పోతే పక్కవాడు కనపడడు, కొండా కనపడదు. 3,380 దగ్గర నెత్తి మీద బూడిదరంగు పొగలా మబ్బు అంచు వచ్చేసింది, దాదా రేడియోలో "బస్, బయటికి పద" అన్నాడు. మబ్బు అంచు దాటి ఎండలోకి వచ్చాం.

అప్పటిదాకా ముందు కొండ మాత్రమే కనపడేది. ఇప్పుడు దాని వెనకాల ఉన్నది కనపడింది. కొత్త మంచు పడిన ధౌలాధార్ శిఖరాలు, మేం ఉన్న ఎత్తుకి ఇంకా చాలా పైన, ఎండ పడి కళ్ళు చెదిరేంత తెలుపు. వాటి సందుల్లో నీలం నీడలు. ఈ పక్క కిందకి చూస్తే కాంగ్రా లోయ, మెట్లమెట్లుగా పొలాలు, వరి కోసిన చోట గోధుమరంగు, కొయ్యనిచోట బంగారం రంగు, పలకరాతి ఇంటి కప్పుల మీద మొక్కజొన్న పొత్తులు ఆరబెడితే అంతెత్తు నుంచి కూడా పసుపు చుక్కల్లా కనపడ్డాయి. సంక్రాంతి ముగ్గులో రంగు అద్దినట్టు. గాలి హోరు తప్ప ఏం చప్పుడు లేదు. పక్కన యాభై మీటర్ల దూరంలో దాదా. ఆయన బ్రేకు వదిలి ఒక చెయ్యి ఎత్తాడు. నేనూ ఎత్తాను. మాట్లాడుకోడానికి రేడియో ఉంది కానీ ఇద్దరం మాట్లాడలేదు.

అక్కడ్నుంచి పడమటికి, పాలంపూర్ వైపు. ఎలా ఉంటుందంటే ఒక కొండ భుజం మీద ఎత్తు పెంచుకోవడం, మధ్యలో లోయ దాటడానికి ఆ ఎత్తు ఖర్చు పెట్టుకోవడం, అవతలి భుజం మీద మళ్ళీ సంపాదించుకోవడం. మా వింగులు ఒక కిలోమీటరు ఎత్తు ఉంటే ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు సాగుతాయి, అది కూడా గాలి సహకరిస్తే. బిన్వా నది లోయ దాటేటప్పుడు నాకు ప్రాణం గొంతులోకి వచ్చింది, ఎందుకంటే అవతలి గట్టు చూస్తుండగానే నాకంటే ఎత్తయిపోతోంది. దాదా, డాక్టరమ్మ, నేను, ముగ్గురం పక్కపక్కన దూరంగా విడిపోయి దాటాం, వరి నాట్లేసేవాళ్ళు వరసగా నిలబడినట్టు. అలా ఎందుకంటే ముగ్గురిలో ఎవరికి లేచే గాలి తగిలినా మిగతా ఇద్దరికీ తెలుస్తుంది. ఆ రోజు తగిలింది డాక్టరమ్మకి, మేమిద్దరం ఆమె దగ్గరికి పోయాం. ఒంటరిగా ఎగిరే ఆట అని బయటవాళ్ళు అనుకుంటారు, నేను ఒంటరిగా దాటి ఉంటే బిన్వా ఒడ్డునే దిగేవాణ్ణి.

అవతలి భుజం మీదే ఆ సంఘటన కూడా జరిగింది. నేను కొండకి మరీ దగ్గరగా, భుజం వెనకవైపుకి జరిగిపోయా. కొండ వెనకవైపు గాలి కొండని దాటి కిందకి దొర్లుతుంటుంది, అక్కడికి పోకూడదని తెలుసు, కానీ వేరియో అరుస్తుంటే ఆశ. ఒక్కసారి ఎడమవైపు లైన్లు వదులయ్యాయి, టప్ మని చప్పుడు, సగం వింగ్ మడతపడి వేలాడింది, కొండ నా వైపు తిరిగింది. రేడియోలో దాదా గొంతు, అరవలేదు, టేబుల్ దగ్గర మాట్లాడినట్టే అన్నాడు. "కుడికి వాలు. కుడి బ్రేక్ కొంచెం. లోయ వైపు చూడు." కుడికి వాలాను. లోయ వైపు చూశాను. "ఇప్పుడు ఎడమ బ్రేక్ ఒక్కసారి లోతుగా లాగి వదులు." లాగాను. మళ్ళీ టప్ మని తెరుచుకుంది. మొత్తం అయిదారు సెకన్లు ఉంటుందేమో. నా గుండె ఇంకో పావుగంట దాకా కుదురుకోలేదు. డాక్టరమ్మ మాత్రం "పల్స్ ఎంత?" అని అడిగింది రేడియోలో, ఆమె నిజంగానే అడిగింది, నేను మాట్లాడగలుగుతున్నానా లేదా అని తెలుసుకోడానికట, తర్వాత చెప్పింది.

పాలంపూర్ పైన న్యూగల్ ఖడ్డు, అంటే అక్కడి వాగు, కనపడేదాకా వెళ్ళాం. కల్నల్ సార్, బెంగుళూరు కుర్రాడు అప్పటికే ఇంకా ముందుకి, ధర్మశాల వైపు చుక్కలైపోయారు. నాకు చేతులు కొంకర్లు పోయాయి, మనసు కూడా అలిసిపోయింది. "దాదా, నేను వెనక్కి తిరుగుతా" అన్నాను. ఆయన అప్పుడు నాకంటే రెండొందల మీటర్లు పైన ఉన్నాడు, మబ్బులు వరసగా రోడ్డేసినట్టు ధర్మశాల దాకా ఉన్నాయి, ఆయన ఆ సీజన్ అంతా ఎదురుచూసిన రోజు అది, ధర్మశాల పోయి మళ్ళీ బీర్‌లో దిగాలని పూణేలో బయల్దేరినప్పట్నుంచీ చెప్తూనే ఉన్నాడు. నాకు తెలుసు. "సరే, నేనూ తిరుగుతున్నా" అన్నాడు. వద్దు దాదా నువ్వు పో అని రెండుసార్లు అన్నా. రేడియోలో జవాబు లేదు, ఆరెంజ్ వింగ్ మాత్రం తూర్పుకి తిరిగింది.

వెనక్కొచ్చేటప్పుడు లోయ గాలి ఎదురుపడింది, మబ్బు నీడ కొండంతా కప్పేసింది, ఎండ పోతే థర్మల్సూ పోతాయి. భుజం తర్వాత భుజం వెతికినా ఏమీ దొరకలేదు. డాక్టరమ్మ ఎక్కడో ఒక తునక పట్టుకుని బీర్ దాకా చేరిపోయింది. నేను పంచ్‌రుఖీ దగ్గర కోసేసిన వరి మడి ఒకటి చూసుకున్నా, చుట్టూ కరెంటు తీగలు లేవని రెండుసార్లు చూసి, ఒక ఇంటి పొగ ఎటు పోతోందో చూసి, దానికెదురుగా తిరిగి దిగాను. వరి దుబ్బుల మీద రెండడుగులు పరిగెత్తి ఆగాను. వింగ్ వెనకాల మెల్లగా వాలింది. తల పైకెత్తి చూస్తే దాదా. ఆయనకి ఇంకా చాలా ఎత్తుంది, కనీసం బైజ్‌నాథ్ దాకా పోగలడు. చుట్లు తిరిగి తిరిగి ఎత్తు తగ్గించుకుని, నా మడి కింద మడిలో దిగాడు.

"ఎందుకు దాదా?" అంటే హెల్మెట్ తీస్తూ, "నీకు ఇక్కడ భాష రాదు కదా" అన్నాడు. ఆయనకి పహాడీ వచ్చినట్టు!

రెండు నిమిషాల్లో పిల్లలు పదిమంది చేరిపోయారు. అక్కడి పిల్లలకి వింగ్ మడతపెట్టడం బడిలో నేర్పినంత బాగా వచ్చు, నన్ను ముట్టుకోనివ్వలేదు, నలుగురు అటు నలుగురు ఇటు కూర్చుని గాలి పోయేలా మోకాళ్ళతో ఒత్తి చక్కగా మడిచి ఇచ్చారు. మడి సొంతదారు, పెద్దావిడ, కొడవలి చేత్తో పట్టుకునే వచ్చింది. పంట మీద దిగలేదు కదా అని నేను భయపడుతుంటే ఆమె నా చేతులు చూసి, రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. "బర్ఫ్" అంది. మంచు. ఇంటికి తీసుకెళ్ళి పొయ్యి పక్కన కూర్చోబెట్టి, ఇత్తడి గ్లాసులో చాయ్, నిన్నటి మొక్కజొన్న రొట్టె, వెన్న పెట్టింది. కొడుకు చండీగఢ్‌లో ఉంటాడట. వాడు కూడా ఇలా పైనుంచి వస్తే బాగుండు, రోడ్డు మీద వచ్చేసరికి ఆలస్యమవుతోంది అంది. దాదా ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టాడు, నేనూ పెట్టాను.

తర్వాత రైలు. పఠాన్‌కోట్ నుంచి జోగిందర్‌నగర్ దాకా 164 కిలోమీటర్ల చిన్నలైను, 1929లో వేసింది, రెండున్నర అడుగుల గేజ్. గాల్లోంచి అది పొలాల మధ్య దారంలా కనపడింది పొద్దున. ఇప్పుడు బ్యాగులు రెండూ తలుపు దగ్గర పెట్టి, గుమ్మంలో కాళ్ళు వేలాడేసి కూర్చున్నాం. అది ఎంత మెల్లగా పోతుందంటే ఒక కుర్రాడు దిగి, పక్కన చెట్టు కొమ్మ విరుచుకుని, మళ్ళీ ఎక్కాడు. పప్రోలా దగ్గర చాలాసేపు ఆగింది. బిన్వా బ్రిడ్జి దాటేటప్పుడు దాదా పైకి చూపించాడు, పొద్దున మేం దాటిన సందు. కింద నుంచి చూస్తే ఆకాశంలో ఏమీ లేదు అక్కడ. అంత ఖాళీ చోట మేం ముగ్గురం ఉన్నామంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. "రెండు గంటల్లో పోయాం, రెండు గంటల్లో వస్తున్నాం, లెక్క సరిపోయింది" అన్నాడు దాదా. ధర్మశాల గురించి ఆయన ఒక్క మాట ఎత్తలేదు, నేనే ఎత్తబోతే వేరుసెనక్కాయల పొట్లం నా చేతిలో పెట్టాడు.

అహ్జులో దిగేసరికి పొద్దు వాలిపోయింది. ఆ లైన్లో అన్నిటికంటే ఎత్తయిన స్టేషన్ అదే. ప్లాట్‌ఫాం మీద కల్నల్ సార్, డాక్టరమ్మ, కుర్రాడు ముగ్గురూ ఉన్నారు, బండి పెట్టుకుని వచ్చారు మా కోసం. కల్నల్ సార్ ధర్మశాల చేరి, తిరిగొచ్చి చౌగాన్‌లోనే దిగారట. ఆయన ముందు అడిగింది మాత్రం "లడ్కా ఠీక్ హై?" అని, అంటే కుర్రాడు బాగానే ఉన్నాడా అని, నా గురించే.

రాత్రి టిబెటన్ కాలనీలో తుక్పా (నూడుల్స్ సూపు), మోమోలు. పైలట్లు తిండి దగ్గర కూర్చుంటే చేతులు ఊరికే ఉండవు, రెండు అరచేతులూ రెండు వింగులై ఒకదాని వెనక ఒకటి తిరుగుతుంటాయి, నేను ఇక్కడ ఉన్నా, నువ్వు ఇక్కడ, అప్పుడు రాబందు ఇలా వచ్చింది అని. పక్క టేబుల్ దగ్గర ఏ దేశం వాళ్ళో నలుగురు, వాళ్ళ భాష మాకు రాదు, వాళ్ళ చేతులు మాత్రం అచ్చం ఇలాగే తిరుగుతున్నాయి, ఒకాయన చెయ్యి సగం మడిచి చూపించాడు, నేను నా చెయ్యి సగం మడిచి చూపించాను, ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రాత్రే దాదా నా లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాడు.

ఆ తర్వాత రెండు సీజన్లు మేం అందరం కలిసి వెళ్ళాం. ధర్మశాలకి అలాంటి మబ్బుల రోడ్డు మళ్ళీ పడలేదు, పడిన రోజు దాదా లేడు. ఆయనకి మోకాళ్ళు అరిగిపోయాయి, డాక్టరు పరిగెత్తొద్దన్నాడు, పరిగెత్తకుండా టేకాఫ్ కుదరదు. నాకూ పెళ్ళి, పాప, ఇంటి లోను, బస్సెక్కే శుక్రవారాలు తగ్గిపోయాయి. 2022 ఆగస్టులో వరదలకి చక్కీ నది మీద ఆ చిన్న రైలు బ్రిడ్జి కూలిపోయిందని వార్త చూసినప్పుడు నేనే దాదాకి ఫోన్ చేశా, ఆయనకి అప్పటికే తెలుసు. ఇద్దరం కాసేపు ఆ వేరుసెనక్కాయల గురించి మాట్లాడుకున్నాం.

పోయిన దీపావళికి పూణే నుంచి కొరియర్ వచ్చింది. విప్పితే బబుల్ షీట్‌లో చుట్టి దాదా వేరియో. చీటీ ఏమీ లేదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉంది, రాత్రంతా చార్జింగ్ పెట్టా. పొద్దున మా పాప, నాలుగేళ్ళది, దాన్ని టేబుల్ మీంచి తీసుకుని, నాన్నా ఇదేంటి అని నాకు చూపించడానికి రెండు చేతులతో నెత్తి మీదకి ఎత్తింది.

పీప్ అంది.